33వ పేరు

పట్టభద్రులకు అభినందనలు. మర్యాదలు ఇంతటితో చాలు, ఆ గౌన్లలో మీకు ఉక్కపోస్తోంది.

నేను వంతెనలు డిజైన్ చేసే ఇంజనీరుని. కాలేజీలో మాత్రం బాస్కెట్‌బాల్ ఆడే పిల్లగానే తెలుసు. కాబట్టి ఆట కబురే చెబుతాను.

అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కన విలనోవా యూనివర్సిటీ ఉంది. 2016 కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో నార్త్ కరోలినాతో స్కోరు 74-74. మిగిలింది 4.7 సెకన్లు. క్రిస్ జెంకిన్స్ గీత బయట నుంచి బంతి అందించాడు. ర్యాన్ ఆర్చిడియాకోనో దాన్ని తీసుకుని పరుగెత్తాడు. ఫైనలియర్ కుర్రాడు, కాలేజీలో అదే ఆఖరి మ్యాచ్. తనే బుట్టలో వేయడానికి చూసినా ఎవరూ తప్పుపట్టరు. కానీ వెనక నుంచి పిలుస్తూ వస్తున్న జెంకిన్స్‌కే తిరిగి ఇచ్చాడు. జెంకిన్స్ దూరం నుంచి విసిరాడు. బంతి గాల్లో ఉండగానే టైమ్ అయిపోయింది. వలలో పడింది. 77-74.

ఇక మీకు ఇష్టమైన లెక్క. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ అంటే మన ప్లేస్‌మెంట్ లిస్టే అనుకోండి. అప్పట్లో ఏటా 60 పేర్లు పిలిచేవారు. ఈ ఇద్దరి పేర్లూ అందులో లేవు. ఆర్చిడియాకోనో తంటాలు పడి లోపలికి చేరి కొన్నేళ్లు ఆడాడు. జెంకిన్స్‌కి ఆ అదృష్టం పట్టలేదు.

అదే జట్టులో ఫస్టియర్ కుర్రాడు జేలెన్ బ్రన్సన్. 2018లో విలనోవా మళ్లీ గెలిచింది. ఆ ఏడు దేశంలో మేటి కాలేజీ ఆటగాడిగా పెద్ద అవార్డులన్నీ అతనికే వచ్చాయి. డ్రాఫ్ట్‌లో మాత్రం అతనిది 33వ పేరు. తోటివాళ్లు మికల్ బ్రిడ్జెస్‌ది 10, డాంటే డివిన్సెంజోది 17, ఒమారి స్పెల్‌మన్‌ది 30. ఆరడుగుల రెండంగుళాల మనిషి అక్కడ పొట్టివాడు మరి! ఆ పొట్టివాడే ఎన్‌బీఏ జట్టు న్యూయార్క్ నిక్స్‌కి కెప్టెన్ అయ్యాడు. 2024లో కొత్త ఒప్పందానికి ఇంకో ఏడాది ఆగితే ఐదేళ్లకు 26.9 కోట్ల డాలర్ల దాకా వచ్చేవి. ఆగకుండా నాలుగేళ్లకు 15.65 కోట్లకే సంతకం పెట్టాడు, జట్టుకి మంచి ఆటగాళ్లను తెచ్చుకునే వెసులుబాటు మిగిలేలా. "అంత డబ్బిస్తే మేమూ త్యాగం చేస్తాం" అని వెనక వరసలో ఎవరో గొణిగారు. వినబడింది నాయనా!

మా జట్టు సంగతీ వినండి. మేం 2001లో కాలేజీ నుంచి బయటపడ్డాం. మాలో సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఎంపికైన అమ్మాయిని చూసి కుళ్లుకున్నాం. అమెరికాలో డాట్‌కామ్ బుడగ పగిలింది, తన జాయినింగ్ వాయిదాల మీద వాయిదాలు పడింది. ఇంకొకామెకి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో టికెట్ కలెక్టర్ ఉద్యోగం. నేను టైర్ల షాపు మీద ఒక చిన్న ఆఫీసులో చేరాను. జీతం ఎప్పుడొస్తుందో యజమానికే తెలియదు. వంతెన డిజైనర్లు కావాలన్న ప్రకటన పేపర్లోంచి కత్తిరించి నాకు పోస్టులో పంపింది ఆ టికెట్ కలెక్టరే. నా కెరీర్ ఆ కవరుతో మొదలైంది. నాలుగో ఆమె మాలో అందరికంటే పొడగరి, గొప్ప ఆటగత్తె. ఉద్యోగం రాలేదు. ఏ పెళ్లికెళ్లినా "ఇప్పుడేం చేస్తున్నావ్?" అనే ప్రశ్న. దాంతో పెళ్లిళ్లకి రావడమే మానేసింది. స్కూల్లో పీఈటీ అయ్యాక గానీ మా కంటబడలేదు. ఐదో ఆమె ఈ సభలోనే తల్లిదండ్రుల్లో కూర్చుంది. తన గురించి చెబితే ఊరుకోదు.

నా బెంగంతా ఆ పొడగరి లాంటి వాళ్ల గురించే. ఫలానావాడికి పద్నాలుగు లక్షలట అని మీరు వాట్సాప్ గ్రూపులో టపాసులు కాలుస్తారు. ఏమీ రానివాడు చప్పుడు చేయకుండా గ్రూపులోంచి తప్పుకుంటాడు. ఎవరు తప్పుకున్నారో చూశారా? చూడరు! సిగ్గు లేకపోతే సరి. డ్రాఫ్టయినా ప్లేస్‌మెంటయినా, కొనేవాడు ఆ రోజు వేసుకున్న అంచనా. దాన్ని మెడలో వేసుకుని తిరగకండి, పక్కవాడి మెడలోనూ వేయకండి.

ఉద్యోగం వచ్చినవాళ్లు తమ ఆఫీసులో ఖాళీ ఉంటే ముందు తప్పుకున్నవాడికి ఫోన్ చేయండి. రానివాళ్లు ముఖం చాటేయకండి. జెంకిన్స్‌లా గట్టిగా పిలవండి. అడగనివాడికి బంతి ఎవరిస్తారు?

ఇక భోజనాలు. వరసలో నా పక్కన చేరి "మేడమ్, వంతెనల వాళ్లకి ప్యాకేజీ ఎంతుంటుంది?" అని అడిగినవాడికి పెరుగన్నం కూడా దక్కనివ్వను. శుభం.