గ్రామసభలో మన పాలు



మన గ్రామములలో రచ్చబండ యున్నది, గ్రామసభయు నున్నది. మొదటిదానికి మనము పిలువకయే పోవుదుము. రెండవదానికి టముకు వేయించి చాటినను పోము. రచ్చబండమీద కూర్చుండినప్పుడు మురుగునీరు ఎవరి వాకిట నిలిచినదో, వీథిదీపములలో ఎన్ని వెలుగుట లేదో, చెరువు వేలములో వచ్చిన సొమ్మెంతయో మనకు తెలియని సంగతి యుండదు. అయితే అచ్చట ఆడిన మాట గాలిలో కలసిపోవును. గ్రామసభలో ఆడిన మాట పుస్తకమున కెక్కును. ఈ భేదమును గూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

గ్రామసభ యనగా సర్పంచియు వార్డు సభ్యులును గూడు సమావేశమని చాలమంది తలంచుచున్నారు. అది వేరు, ఇది వేరు. గ్రామపు ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతి స్త్రీయు ప్రతి పురుషుడును గ్రామసభలో సభ్యులే. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ఈ సభకు రాజ్యాంగములోనే చోటు కల్పించినది. సర్పంచి పదవి అయిదేండ్లది. మన సభ్యత్వమో, పట్టికలో పేరున్నంత కాలము నిలుచునది. దానికి ఎన్నిక లేదు, ఖర్చు లేదు, ఒకరిని బ్రతిమాలవలసిన పని లేదు. ఉచితముగా దొరకుటచేతనే కాబోలు, మనకు దానియందు గౌరవము కలుగలేదు.

1994నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతిరాజ్ చట్టమును చూచినచో ఈ సభ యెదుట నుంచవలసిన విషయములు తెలియును. గడచిన యేటి జమాఖర్చుల లెక్కయు, ఆడిటు నివేదికయు, రాబోవు ఏట చేయదలచిన పనులును, పన్నులు క్రొత్తగా వేయుటకో పెంచుటకో చేసిన ప్రతిపాదనలును అందు చేరియున్నవి. తెలంగాణమున 2018లో చేసిన చట్టము రెండు నెలల కొకసారి గ్రామసభ జరుపవలెనని విధించినది. ఆంధ్రప్రదేశమున 2024 ఆగస్టు 23వ తేదీన 13,326 పంచాయతులలో ఒక్కనాడే గ్రామసభలు జరిపిరి. చట్టమునకు లోటు లేదు; జనమునకే లోటు. సభ జరిగినదని వ్రాసి, సంతకముల పుస్తకమును ఇంటింటికి త్రిప్పు ఊళ్లు కలవని విన్నాను. అట్టి ఊళ్లలో సంతకము చేసినవారు సంతకము చేయించినవారి కంటె తక్కువ దోషులు కారు.

మనము పోకుండుటకు కారణము సోమరితనము మాత్రమే యని నేననుకొనను. మన తాతల కాలమున గ్రామపు లెక్కలు కరణముగారి యింట పెట్టెలో నుండెడివి. పెట్టె తెరువుడని యడుగుటకు ఎవరికిని నోరు వచ్చెడిది కాదు. 1984లో ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దు చేసినది. పెట్టె పోయినది గాని, లెక్క యడుగుట మర్యాద గాదను భావము మాత్రము పోలేదు. ‘మనవాడే గదా, ఏమని యడుగుదుము?’ అని యొకరు. ‘అడిగిన పగ వచ్చును’ అని మరియొకరు. వాడు మనవాడైనను పరాయివాడైనను లెక్క యెవరిదో ఆలోచించువారు అరుదు.

ఈ బిడియము పూర్వకాలపువారి కందరికిని లేదు. కాంచీపురము సమీపమున ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. అందలి దేవాలయపు గోడలపై పదవ శతాబ్దమునాటి పరాంతక చోళుని కాలపు శాసనములున్నవి. గ్రామపు సంఘములకు సభ్యులను ఏర్పరచుకొను విధానము వానిలో చెక్కియున్నది. పేర్లు వ్రాసిన ఆకులను కుండలో వేసి, బాలునిచేత తీయించెడివారు. ముందొకప్పుడు సంఘములో నుండి లెక్క యొప్పజెప్పనివాని పేరు ఆ కుండలో వేయరాదు. వాని దగ్గరి బంధువుల పేర్లును వేయరాదు. అది అగ్రహారమనియు, భూమియు చదువును గలవారికే అందు చోటుండెననియు మరువరాదు. అందరిదియైన సభ గాదది. అయినను, లెక్క చెప్పనివాని చుట్టమునకు సయితము పదవి లేదన్న ఆ నిబంధనను చదివినప్పుడు, మన యెన్నికలలో ఎంతమంది పేర్లు కుండలో మిగులునా యని నవ్వు వచ్చినది.

పన్నుల విషయమున మన తెలుగువారు చేసిన సాహసము మరియొకటి కలదు. 1919లో చీరాల, పేరాల గ్రామములను గలిపి పురపాలక సంఘముగా మార్చిరి. పన్నులు పెరిగినవి. ఆ యూళ్లవారిలో చాలమంది మగ్గముమీద బ్రదుకు నేతవారు. తమ్ము అడుగకయే తమపై భారము వేసిరని వారు మొరపెట్టుకొనిరి, మొర చెల్లలేదు. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనము ఇండ్లకు తాళములు వేసి, ఊరి వెలుపల పాకలు కట్టుకొని, ఆ తావునకు రామనగరమని పేరిడి, సుమారు పదకొండు నెలలు ఎండకు వానకు నోర్చి యుండిరి. నాయకులు చెరసాలల పాలైరి. తుదకు వారు తిరిగి యిండ్లకు రావలసివచ్చినది. నేడు పంచాయతి యింటిపన్ను పెంచదలచినచో ఆ ప్రతిపాదనను గ్రామసభ యెదుట నుంచవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆనాటివారు ఇల్లు విడిచి యడిగినదానిని మనము ఇంటినుండి నాలుగడుగులు వేసి యడుగవచ్చును. ఆ నాలుగడుగులే మనకు బరువైనవి.

ఇక మా యూరి సంగతి చెప్పెదను. ఇది గొప్ప విషయమేమియు గాదు, కుళాయినీళ్ల విషయము.

మా యూరి చివర మెరకమీద ఒక కాలనీ యున్నది. 40 ఇండ్లు, 170 మంది జనము. ట్యాంకునుండి ఉదయము ఒక గంటసేపు నీరు వదలుదురు. పెద్దవీథి యిండ్లవారు కుళాయిగొట్టములకు మోటార్లు తగిలించి నీటిని ముందే లాగుకొనుటచే, కాలనీలోని నాలుగు వీథికుళాయిలకు సన్నని ధార వచ్చుచుండెను. ఈ సంగతి ఊరిలో ఎరుగనివారు లేరు; రచ్చబండమీద దీనిని గూర్చి ఎన్ని సంవత్సరములు మాటలాడుకొన్నారో లెక్క లేదు. ఒకనాడు నేను గడియారము పట్టుకొని కాలనీ కుళాయికడ నిలిచితిని. పదునైదు లీటర్ల బిందె నిండుటకు పదకొండు నిమిషములు పట్టినది. గంటకు అయిదున్నర బిందెలు. నాలుగు కుళాయిలకును కలిపి 330 లీటర్లు. తలకు రెండు లీటర్లైనను రాలేదు. 2019లో ఆరంభించిన జలజీవన్ పథకము పల్లెలలో తలకు దినమునకు 55 లీటర్లని నిర్ణయించినది. ఆ ప్రకారము కాలనీకి 9,350 లీటర్లు చేరవలెను. మిగిలిన నీటికి ఆడువారు రెండు ఫర్లాంగుల దూరమునగల పొలము బోరుకడకు నడచుచుండిరి.

పెద్దవీథిలో తిరిగి మోటార్లు లెక్కించితిని. 31 తేలినవి. వానిలో ఆరు మా బంధువుల యిండ్లవి.

ఈ అంకెలను ఒక కాగితముమీద వ్రాసికొని గ్రామసభకు పోయితిని. లేచి చదువగానే, మా అన్నగారి కుమారుడు అందరి యెదుట, “మోటారు మా యింట గూడ నున్నది గదా బాబాయి, నీవే అడుగుచున్నావా?” అనెను. “ఉన్నది. అందుచేతనే అడుగుచున్నాను” అంటిని. కొందరు నవ్విరి, కొందరు తలలు దించుకొనిరి. కాలనీనుండి వచ్చిన స్త్రీలు వెనుక వేపచెట్టు క్రింద నిలిచియుండిరి. సర్పంచి కూర్చుండుడనగా, “కూర్చుంటే మా మాట వినబడదు బాబూ” అని యొక ముసలమ్మ నిలిచియే చెప్పినది. తన మనుమరాలు నీళ్లు మోసికొనివచ్చి బడికి పోవుసరికి మొదటి గంట అయిపోవుచున్నదట. పంతులుగారు బయట నిలువబెట్టుచున్నారట. నా అంకెలకంటె ఆమె మాట సభకు బాగుగ నాటినది. ఆ తరువాత ఎవరును నవ్వలేదు.

అచ్చట ముగిసినచో మీకీ కథ చెప్పనక్కరలేదు. అసలు పని తీర్మానము వ్రాయునప్పుడు పడినది. కార్యదర్శి వ్రాసినదానిని బిగ్గరగ చదివి వినిపింపుమని కోరితిని. “కాలనీ నీటి సమస్యను పరిశీలించుటకు తీర్మానించడమైనది” అని యుండెను. పరిశీలించుట యను మాటలో ఒక్క చుక్క నీరు లేదు. అది కొట్టివేసి తిరిగి వ్రాయుమంటిమి. కాలనీ గొట్టమునకు వేరుగ వాల్వు పెట్టవలెను. మొదటి అరగంట నీరు అచ్చటికే వదలవలెను. పదునైదు దినములలో మోటార్లు తీయవలెను, తీయనివారి కుళాయి తొలగింపవలెను అని మూడు మాటలు, తేదీతో సహా, వ్రాయించితిమి. ఖర్చునకు సొమ్మేదని ప్రశ్న వచ్చెను. 2021 మొదలు 2026 వరకు పదునైదవ ఆర్థికసంఘము సిఫార్సున పంచాయతులకు వచ్చు నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును వినియోగింపవలసినవే. కావున ఆ ప్రశ్నయు తీరినది.

వాల్వు పెట్టిరి. నేడు బిందె మూడు నిమిషములలో నిండుచున్నది. మోటార్లు అన్నియు పోయినవని చెప్పజాలను. రెండు మూడు చీకటిలో మరల తగిలినవి, మరల తీయించితిమి. ఆ యేటి సంక్రాంతికి మా అన్నగారి యింటినుండి పిలుపు రాలేదు. మరుసటి యేడు వచ్చినది. ఈ నష్టము నిజమైనది గనుకనే చెప్పుచున్నాను. గ్రామసభలో ప్రశ్న యడుగుట సులభమని మీకు చెప్పువారు తమ బంధువుల నెన్నడు నడిగియుండరు.

మరి రెండు సంగతులు క్లుప్తముగ. స్త్రీలకు కేటాయించిన స్థానములలో ఎన్నికైన సర్పంచికి బదులు ఆమె భర్త కుర్చీలో కూర్చుండుట చాల తావుల చూచుచున్నాము. కూర్చుండువారు ఒకరు, సంతకము చేయువారు మరియొకరు. లెక్క తప్పినచో బాధ్యత సంతకముదే గాని కుర్చీది గాదు. సభలోని పెద్దలు ‘అమ్మా, నీవు వచ్చి కూర్చుండుము’ అని యొక్కమాట యన్నచో ఆ భర్త లేవకుండలేడు. మనమే యనము.

రెండవది, కొన్ని ఊళ్లలో సర్పంచి పదవిని వేలము వేయుట. గుడికో వీథికో ఇంత సొమ్ము ఇచ్చువానినే ఏకగ్రీవముగ నెన్నుకొందుమని పెద్దలు నిర్ణయింతురు. పోటీ లేదు, పగలు లేవు, గుడికి గోపురము వచ్చును. ఇందేమి దోషమని యడుగుదురు. కలిసి యొక మంచివానిని నిలుపుకొనుట వేరు, ఎక్కువ పాడినవానికి ఇచ్చుట వేరు. పెట్టుబడి పెట్టి పదవి కొన్నవాడు అయిదేండ్లలో దానిని రాబట్టుకొనకుండునా? ఎచ్చటనుండి రాబట్టును? మన సిమెంటు రోడ్డు మందములోనుండియు, మన నీళ్ల గొట్టములోనుండియు. అట్టివాని నెదుట పెట్టుకొని గ్రామసభలో లెక్క యడుగుటకు ఆ పెద్దలకు నోరెట్లు వచ్చును? గోపురము కట్టుకొనవలెనన్నచో తలా యింత చందా వేసికొనుట మేలు.

పోవలెననుకొన్నవారికి నా యనుభవమునుండి చెప్పదగినది కొంచెమే. ఒక సభకు ఒక ప్రశ్నయే తీసికొనిపొండు. పది యడిగినచో పదియు పోవును. కోపము ఇంటివద్ద నుంచి, అంకెలు వెంట తెచ్చుకొనుడు. మన పంచాయతికి వచ్చిన నిధులు, చేసిన ఖర్చులు 2020లో ఆరంభించిన ఈ-గ్రామస్వరాజ్ అను వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. మీ మనుమల చేతిలోని ఫోనులోనే అది కనబడును. అందులేని కాగితము కావలసినచో 2005నాటి సమాచారహక్కు చట్టము క్రింద వ్రాతమూలమున అడుగవచ్చును. తెలుగు రాష్ట్రములలో గ్రామస్థాయి కార్యాలయమునకు పెట్టు దరఖాస్తునకు రుసుము లేదు. 30 దినములలో సమాధానమీయవలెను. దరఖాస్తు ఇచ్చినట్లు రసీదు తీసికొనుట మరువకుడు. రసీదు లేని దరఖాస్తు రచ్చబండ మాటతో సమానము.

మా పంచాయతి చెరువులో చేపల హక్కునకు వేలము వేసినప్పుడు వచ్చిన సొమ్ము ఏ పద్దున చేరినదో వచ్చు సభలో అడుగవలసియున్నది. పాట పాడినవాడు మా వీథివాడే. కాగితముల కొరకు దరఖాస్తు పెట్టియున్నాను. గడువు ఇంకను 12 దినములున్నది.