ఇద్దరూ తప్పు చేయకపోతే చెస్‌లో గెలిచేదెవరు?

ఈరోజు ప్రశ్న చిన్నదే. ఇద్దరు ప్లేయర్లు ఒక్క తప్పు కూడా చేయకుండా ఆడితే చెస్‌లో ఎవరు గెలుస్తారు?

బీటెక్‌లో నేను టిక్ టాక్ టో ఆడే ప్రోగ్రామ్ ఒకటి రాశా. అది అస్సలు ఓడిపోదు. హాస్టల్లో అందరూ ఎగబడి ఆడారు. రెండు రోజులయ్యాక ఒక్కడూ దాని మొహం చూడలేదు. ఎంత ఆడినా డ్రానే అని తెలిసిపోయింది కదా! చెస్‌కీ ఇదే గతి పడుతుందేమో అని అప్పట్నుంచి నాకో భయం.

చెకర్స్ అనే ఆటకి ఆల్రెడీ పట్టింది. 2007లో కెనడాలోని అల్బెర్టా యూనివర్సిటీలో జొనాథన్ షెఫర్ టీమ్ లెక్క తేల్చేసింది. ఇద్దరూ కరెక్ట్‌గా ఆడితే డ్రా. ఆ పని 1989లో మొదలైంది. అంటే 18 ఏళ్లు పట్టింది!

మరి చెస్? బోర్డు మీద రాజులతో కలిపి 7 పావులే మిగిలితే, ఎవరు గెలుస్తారో కంప్యూటర్ కచ్చితంగా చెప్పేస్తుంది. కానీ ఆట మొదలయ్యేది 32 పావులతో. సాధ్యమయ్యే ఆటలెన్నో 1950లో క్లాడ్ షానన్ లెక్కేశాడు. 1 పక్కన 120 సున్నాలు! అన్నీ చెక్ చేయడం ఏ సర్వర్ వల్లా కాదు. అందుకే ప్రూఫ్ ఇంకా లేదు.

ప్రూఫ్ లేకపోయినా సూచనలున్నాయి. 2017లో ఆల్ఫాజీరో, స్టాక్‌ఫిష్ 100 గేములు ఆడితే 72 డ్రా. ఇప్పుడు ఇంజిన్ల టోర్నమెంట్లలో అయితే, అన్నీ డ్రా అవుతాయని, కావాలనే ఒకవైపు మొగ్గున్న ఓపెనింగ్స్ ఇచ్చి ఆడిస్తున్నారు. మనుషుల్లో చూస్తే, 2018 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ గేములూ డ్రానే. కాబట్టి నా అంచనా కూడా డ్రానే.

అంటే చెస్ పని అయిపోయినట్టేనా? ఒక్కసారి 2024 డిసెంబర్, సింగపూర్ గుర్తు చేసుకోండి. 14వ గేమ్. ఇంజిన్ లెక్కలో అది డ్రా. గుకేశ్‌కి ఒక్క బంటు ఎక్కువుంది, అంతే. అయినా వదల్లేదు, ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ రూక్‌ని తప్పు గడిలో పెట్టాడు. 18 ఏళ్లకే గుకేశ్ వరల్డ్ ఛాంపియన్!

నా ప్రోగ్రామ్ ఎందుకు బోర్ కొట్టిందంటే, దాని ఆన్సర్లన్నీ మన బుర్రలో పట్టేశాయి. చెస్ ఆన్సర్ డ్రా అని రేపు తేలినా, అది ఏ బుర్రలోనూ పట్టదు. ఎదురుగా కూర్చున్నవాడు ఎక్కడో తప్పు చేస్తాడు. మనమూ చేస్తాం. నా భయమైతే పోయింది.

మరి మీ అంచనా ఏంటి? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!