చెన్నపురి దీపస్తంభము



చెన్నపురి హైకోర్టు ఆవరణలోని పెద్ద రాతిస్తంభమును మీలో కొందఱైనను చూచియుందురు. చదువుకొను దినములలో నేను దానిని కోర్టువారి అలంకారమనియే తలంచితిని. అది ఒకప్పటి దీపస్తంభము.

దీపము ఓడలను రేవులోనికి నడిపించునని మనమందుము. చెన్నపురిలో దీపమే ముందు వచ్చినది. 1796లో కోటలోని మేడపై కొబ్బరినూనె దీపములు వెలిగించునాటికి అచ్చట రేవే లేదు. ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేయవలెను. మనుష్యులును సరకులును మసూలా పడవలలో కెరటములు దాటవలెను. ఆ పడవల పలకలను మేకులతో గాక కొబ్బరినారతో కుట్టెడివారు. కెరటము కొట్టినను విఱుగక వంగెడివి. పడవ బోల్తాపడినచో వెంటనున్న తెప్పలవారే నీటబడినవారిని పట్టి తెచ్చెడివారు. కావున ఆ దీపము "రమ్ము" అనలేదు. "అచ్చటనే ఆగుము" అన్నది. చీకటిలో కెరటములలోనికి దిగువాని ప్రాణమునకు హామీ లేదు.

1844లో దీపము నేను చెప్పిన స్తంభముపై కెక్కెను. అటుపిమ్మట రేవు కట్టనారంభించిరి. 1881 తుపాను ఆ గోడలను చాలవఱకు పడగొట్టగా మరల కట్టిరి. 1894లో దీపము హైకోర్టు గోపురముపైకి మాఱినది. న్యాయస్థానము నెత్తిన ఓడలదీపమున్న ఊరు మఱియొకటి నే నెఱుగను! 1977లో అది మెరీనా తీరమునకు చేరినది.

పాత స్తంభము మాత్రము దీపము లేకయే అచ్చట నిలిచియున్నది. ఈ మాఱు చెన్నపురికి పోవువారు పిల్లలకు దానిని చూపి, ఆ తెప్పలవారి మాట కూడ చెప్పుడు.