బండి మీద నా మొదటి ఆరు నెలలు
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)

నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. మైకులో మాట్లాడటం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా ఆర్పీ గారు "నువ్వు బండి ఎట్లా నేర్చుకున్నావో చెప్పు, వినేవాళ్ళకి ధైర్యం వస్తుంది" అన్నారు. ధైర్యం సంగతి నాకు తెలియదు, జరిగింది జరిగినట్టు చెప్తాను. ఇందులో మా సంఘం వాళ్ళకి కూడా ఇప్పటిదాకా చెప్పని మాట ఒకటుంది. వాళ్ళు మూడో వరసలోనే కూర్చున్నారు.

మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. నేను జాకెట్లు కుడతాను. వన్‌టౌన్‌లో మూడు షాపుల వాళ్ళు గుడ్డ ఇస్తారు, కుట్టి హుక్సులు వేసి తిరిగి ఇవ్వాలి. రెండు ఆటోలు మారి వెళ్ళేదాన్ని. రానూపోనూ 80 రూపాయలు, మూటకి చోటు ఎక్కువైతే ఇంకో 20. ఒక జాకెట్టు మీద నాకు మిగిలేదెంతో కుట్టేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, చెప్పనక్కర్లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మా ఆయన మోటార్ సైకిల్ రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే సైలెన్సర్ నిండా బురద. మెకానిక్ ఇంజన్ ఆయిలు తీస్తే పాలు ఎక్కువైన టీ లాగా వచ్చింది. మూడుసార్లు ఆయిలు మారిస్తే గానీ దారికి రాలేదు. ఈలోగా మా ఆయన లారీ మీదకి వెళ్ళిపోయాడు. నెలలో ఇరవై రోజులు ఊళ్ళో ఉండడు. బండి గోడకి ఆనుకుని ఉండేది, నేను దాని పక్కనుంచే మూట ఎత్తుకుని ఆటో కోసం నడిచి వెళ్ళేదాన్ని. అట్లా తొమ్మిది నెలలు గడిచాక నాకు బుద్ధి వచ్చింది.

స్కూటీ అయితే తేలిక, గేర్లుండవు అని అందరూ అన్నారు. నిజమే. కానీ కొనడానికి డబ్బేది? ఉన్నది గేర్ల బండి, అదే నేర్చుకోవాలి. మా తోటికోడలి కొడుకు రోజూ తెల్లవారుజామున స్టేడియం పక్క ఖాళీ జాగాలో నేర్పాడు. "పిన్నీ, క్లచ్ ఒక్కసారే వదిలెయ్యకు, పాలు పొంగేటప్పుడు మంట తగ్గించినట్టు వదులు" అనేవాడు. వాడు ఎప్పుడూ పొయ్యి వెలిగించిన మొహం కాదు గానీ ఆ మాట మాత్రం నాకు పనికొచ్చింది.

మా అత్తయ్య గొడవ చేస్తుందని భయపడ్డాను. ఆవిడ ఒకటే అంది. "తోలితే తోలు, మూట మాత్రం గట్టిగా కట్టు." గొడవంతా పక్కింటి వాళ్ళే చేశారు.

జూలైలో ఎల్లెల్లార్ తీసుకున్నాను. బండికి ముందూ వెనకా ఎర్రగా ఎల్ అక్షరం అతికించాను. అప్పుడు మన వెనక నేర్పేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. వాడికి కాలేజీ ఉన్న రోజుల్లో నేను ఒక్కదాన్నే వెళ్ళాను, అది తప్పే. ఎవరూ అట్లా చెయ్యొద్దు.

మొదటిసారి సింగ్ నగర్ ఫ్లైఓవర్ ఎక్కిన రోజు మర్చిపోలేను. పొద్దున తొమ్మిదింటికి ఎక్కాను, ఆ టైములో ఎక్కకూడదు. సగం ఎక్కాక ముందు బస్సు ఆగింది, నేనూ ఆగాను. బండి ఆఫ్ అయింది. స్టార్ట్ చేసి క్లచ్ వదిలితే మళ్ళీ ఆఫ్. వెనక్కి జారుతోంది. వెనక ఆటో వాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. నా ఒళ్ళంతా చెమట. ఒక పెద్దాయన బండి దిగి వచ్చి "అమ్మా, కుడి కాలు బ్రేకు మీద పెట్టి ఉంచు, క్లచ్ సగం వదులు, బండి వణికినట్టు అవుతుంది, అప్పుడు బ్రేకు తియ్" అన్నాడు. అట్లాగే చేశాను, ఎక్కింది. ఆయన ఎవరో తెలియదు. ఆ తర్వాత వారం రోజులు ఆ ఒక్క పనే ఖాళీ రోడ్డు మీద చేశాను.

ఊళ్ళో బండి తోలడంలో నాకు అర్థమైంది ఏంటంటే, ముందున్న ఆటో ఎప్పుడు ఆగుతుందో కనిపెట్టాలి. ఇండికేటర్ వెయ్యరు, చెయ్యి చూపించరు. కానీ ఆగే ముందు డ్రైవర్ తల ఎడమ పక్కకి తిరుగుతుంది, మనిషి కనపడ్డాడన్నమాట. ఆ తల తిరిగిందంటే నేను స్లో చేస్తాను. బస్సుకి ఎడమ పక్కన మాత్రం ఎప్పుడూ దూరను, దిగేవాళ్ళు ఒక్కసారిగా దిగుతారు.

ఇక ఆ సంగతి. ఆగస్టులో వాన పడి వెలిసిన మధ్యాహ్నం. వెనక సీటు మీద 38 జాకెట్ల మూట, ముందు హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో మా సంఘం పుస్తకాలు, బ్యాంకులో కట్టాల్సిన కిస్తు, పొదుపు కలిపి 14,600 రూపాయలు. ముందు బ్యాంకు, తర్వాత వన్‌టౌన్ అనుకున్నాను. ఏలూరు రోడ్డు మీద ఒక మలుపులో తడి ఇసుక ఉంది. తిరుగుతూ ముందు బ్రేకు పట్టేశాను. తిరిగేటప్పుడు, అందులోనూ ఇసుక మీద, ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. తెలుసు, కానీ భయంలో చెయ్యి దానికదే పట్టేస్తుంది. బండి ఒక పక్క, నేను ఒక పక్క. మోచెయ్యి చర్మం లేచిపోయింది. రోడ్డు పక్కన కొన్న 250 రూపాయల టోపీ లాంటి హెల్మెట్ ఊడి దొర్లుకుంటూ పోయింది. నా తల నేలకి తగల్లేదు, అది అదృష్టం.

లేవగానే నేను చూసుకుంది చెయ్యి కాదు, సంచి. కనపడలేదు. ఆ రెండు నిమిషాలు నాకు పది మంది మొహాలు కనపడ్డాయి. ఎవరు ఏ పని చేసి ఆ డబ్బు కట్టారో నాకు తెలుసు. అంతలో పూలమ్మే ఆవిడ "అమ్మా, నీ సంచి నా బుట్ట కింద పెట్టా" అంది. పైసా పోలేదు. బ్యాంకు మూసే టైముకి వెళ్ళి కట్టాను. మా వాళ్ళు ఆలస్యమెందుకైంది అంటే బ్యాంకులో జనం అని చెప్పాను. అది అబద్ధం. ఈ రోజు అందరి ముందు చెప్తున్నాను, క్షమించండి. అప్పటి నుంచి బ్యాంకు డబ్బు తీసుకెళ్ళే రోజు ఇద్దరం వెళ్తున్నాం, బస్సులోనే. ఎందుకు మార్చానో వాళ్ళకి ఇప్పుడు తెలిసింది.

బురదైన జాకెట్లు రాత్రంతా ఉతికి ఇస్త్రీ చేశాను. ఆరింటికి మరక పోలేదు, వాటి డబ్బు నేనే కట్టుకున్నాను.

ఆ రాత్రి ఫోన్‌లో మా ఆయన తిట్టలేదు. "ఇన్సూరెన్స్ కాగితం తియ్యి" అన్నాడు. తీస్తే ఏముంది, జనవరిలోనే అయిపోయింది. వరదలో పడి ఎవరం చూసుకోలేదు. ఆ మలుపులో ఏ పిల్లాడికో తగిలి ఉంటే? అవతలి వాళ్ళకి ఇవ్వాల్సింది మా ఇంట్లోంచే ఇవ్వాలి. మా ఇంట్లో ఏముంది, కుట్టు మిషను ఉంది. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు సంఘంలో 6,000 అంతర్గత అప్పు తీసుకున్నాను. "బండి కాగితాలకి, హెల్మెట్‌కి" అనే పుస్తకంలో రాయించాను. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, గడ్డం కింద పట్టీ బిగేది కొన్నాను. కొప్పు పెడితే అది తలకి దిగదు, జడ కిందకి వేసుకోవాలి. ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు ఆ ఆఫీసులో అమ్మాయి ఒక మాట చెప్పింది. బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా అని ఒకటి ఉంటుంది. అది బండి ఎవరి పేర ఉందో వాళ్ళకే, వాళ్ళకి లైసెన్సు ఉంటేనే. మా బండి మా ఆయన పేర ఉంది. తోలేది నేను. రేపు నాకేదన్నా అయితే ఆ 15 లక్షలు నా పిల్లలకి రావు. మన సంఘాల్లో అప్పు తెచ్చి మనం కిస్తులు కడుతున్న బండ్లు ఎన్ని ఎవరి పేర ఉన్నాయో ఒకసారి ఇంటికెళ్ళి ఆర్‌సీ తీసి చూడండి.

నేను మా ఆయన్ని పేరు మార్చమని అడిగాను. ఫారం 29, ఫారం 30 తెచ్చి పెట్టాను. "బండి నాది కదే" అన్నాడు. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. తర్వాత "ఈ ట్రిప్పు నుంచి వచ్చాక చూద్దాం" అన్నాడు. ఇంకా సంతకం పెట్టలేదు. నేనూ వదల్లేదు.

లైసెన్సు టెస్టులో మొదటిసారి ఫెయిలయ్యాను. ఎనిమిది అంకె లాగా తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. నేను పెట్టాను. రెండోసారి పాసయ్యాను. ఇంకో మాట, గేర్లు లేని బండికి తీసుకున్న లైసెన్సుతో గేర్ల బండి తోలకూడదు. అది వేరుగా రాయించుకోవాలి.

ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కదా, బండి ఎందుకు అని అడుగుతారు. 2025 ఆగస్టు 15 నుంచి నేనూ ఎక్కుతున్నాను. మూట లేని రోజు, బ్యాంకు రోజు బస్సే. మూటతో మూడు షాపులు తిరిగి, మూడింటికి పిల్ల స్కూలు వదిలే లోపు రావాలంటే బండి. రోజుకి పెట్రోలు 30 రూపాయల దాకా అవుతోంది. గంటన్నర మిగులుతోంది, ఆ గంటన్నరలో ఇంకో రెండు జాకెట్లు కుడుతున్నాను.

సమాఖ్యకి ఒక విన్నపం. బండి కోసం అప్పు ఇచ్చేటప్పుడు సభ్యురాలి పేరు మీద ఆర్‌సీ, ఎల్లెల్లార్, ఇన్సూరెన్స్ చూశాకే ఇవ్వండి. హెల్మెట్ ఖర్చు కూడా ఆ అప్పులోనే కలపండి.

ఆదివారాలు పొద్దున ఆరింటికి స్టేడియం పక్కనే ఉంటున్నాను. ఇప్పటికి నలుగురు వస్తున్నారు. ఎల్లెల్లార్ తీసుకుని రండి. చీరతో వచ్చినా ఫరవాలేదు, కొంగు బాగా దోపుకోండి, వెనక చక్రానికి చీర గార్డు ఉంది. హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, నా తల చిన్నది.