మరల ఘాటీ నెక్కువారికి మనవి


సంసారభారముచే కొండసైకిలు పందెములు మాని, పదేండ్ల పిదప తప్తపాని ఘాటీవైపు మరల చూచుచున్న మన బరంపురపువారికి రెండు మాటలు మనవి చేయుచున్నాము. నార్వే వనిత గున్-రీటా డాలె 2004 లో ఏథెన్సునందు స్వర్ణపతకము గెలిచి, 2009 లో తల్లియై, 2016 లో తన 43 వ యేట కూడ రియో ఒలింపిక్సున పోటీచేసెను. ఊపిరి కొలది వారములలోనే కుదుటపడును. మోకాటి స్నాయువులకు నెలలు పట్టును. ఆ నడిమికాలముననే పలువురు మోకాళ్ళు చెరుపుకొందురు. కావున మొదటి నెల గోపాలపురపు చదునుబాటయే మేలు. ఇరుగుపొరుగువారు నవ్వినను నవ్వనిండు.

ఎక్కుటకంటె దిగుటయే మాకు భయము. మూలబడిన బండి బ్రేకురబ్బరులు గట్టిపడి పట్టువిడుచును. వానిని మార్చించి, చదునున పరీక్షించి, పిమ్మటనే ఘాటీ దిగుడు.