పాలు పితికే వేళ ఫోను పక్కన పెట్టండి
(అక్కన్నపేట పాల ఉత్పత్తిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2016 అక్టోబరులో మన అక్కన్నపేట మండలమైంది. అంతకు నెల ముందే జియో రావడంతో డేటా చౌకైంది. 2020 సెప్టెంబరులో బడి పాఠాలు టి-శాట్, దూరదర్శన్‌లలో మొదలయ్యాక, పిల్లల చదువుకోసమని మనలో చాలామందిమి ఫోన్లు కొన్నాము. చదువు బడికి తిరిగి వెళ్ళింది గాని, ఫోను మాత్రం మన చేతిలోనే ఉండిపోయింది.

ఫోను చెడ్డదని నేననను. 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్యశాలలు వచ్చినప్పుడు డాక్టరును కొట్టం వద్దకు రప్పించినది ఫోనే గదా! అయితే మన ధ్యాసను అది ఎంత తినివేస్తున్నదో లెక్క చూసుకోవాలి.

నా సంగతే చెబుతాను. ఒక ఉదయం సగం పితికి, ఫోను మోగితే లేచాను. మాట్లాడి, రెండు వీడియోలు చూసి వచ్చేసరికి బర్రె పాలు ఎగబట్టింది. కారణమేమి? పొదుగు కడిగి, దూడను విడవగానే ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి పశువు చేపుతుంది. దాని బలం కొద్ది నిమిషాలే. ఆ లోపల పితకడం ముగించాలి. చివరి ధారలలోనే వెన్న ఎక్కువ గనుక, అవి పొదుగులో మిగిలితే కొలతా తగ్గును, వెన్న శాతమూ తగ్గును. పొదుగువాపుకు కూడా దారి ఏర్పడును.

ఇంకొకటి. బర్రెలలో మూగ ఎద ఎక్కువ. రాత్రివేళ, తెల్లవారుజామున తీగలు, తరచు మూత్రం వంటి గుర్తులు కనిపెట్టాలి. అర్ధరాత్రి దాకా రీల్సు చూసి పొద్దెక్కి లేచేవానికి అవి కనబడవు. ఒక ఎద తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజుల మేత ఖర్చు ఎవరు భరించాలి?

నిద్ర చెడితే మనిషికి చిరాకు. ఆ చిరాకు పశువుమీద చూపితే అది బెదిరి చేపదు. ఇంట్లో పిల్లలూ అంతే. మనం తెర చూస్తుంటే వారు మన ముఖం చూసి చూసి తామూ తెరకే తిరుగుతారు.

కనుక మూడు పనులు చేయండి. కొట్టంలోకి ఫోను తీసుకుపోవద్దు. రాత్రి పడుకునే గదిలో ఉంచవద్దు. అన్నం తినేటప్పుడు పిల్లలతో మాట్లాడండి. నెలరోజులు ఇట్లా చేసి మీ పాల పుస్తకం తిరగేయండి. ఫలితం మీకే తెలుస్తుంది.

సెలవు.