ఈసుకుపోయే పశువులకు టీకా

చూలు పశువు ఈసుకుపోతే బ్రూసెల్లా అనే క్రిమి ఒక్కటే కారణం కాదు. కుక్క మలంతో నియోస్పోరా, పిల్లి మలంతో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవులు మేతలో, నీళ్లలో చేరతాయి. పెయ్యలకు వేయించే బ్రూసెల్లా టీకా వీటిని ఆపలేదు.

గొర్రెలకు టాక్సోప్లాస్మా టీకా న్యూజిలాండ్‌లో 1988లో వచ్చింది. ఈసుకుపోయిన గొర్రెపిల్లలో దొరికిన ఎస్48 రకాన్ని ఎలుకల్లో వేల సార్లు మార్చి మార్చి పెంచారు. దాంతో అది తిత్తులు కట్టే శక్తిని పోగొట్టుకుంది. ఎంత ఓపిక పని! బతికున్న జీవే టీకా కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండదు. మన దగ్గర అది దొరకదు.

నియోస్పోరా మరీ మొండిది, తల్లి కడుపులోనే దూడకు దాటుతుంది. చంపిన క్రిములతో చేసిన టీకా ఒకటి వచ్చినా మార్కెట్లో నిలవలేదు.

టీకా అందుబాటులో లేదు కాబట్టి జాగ్రత్తే దారి: ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు అందనివ్వకండి. గర్భిణులు వాటిని ముట్టకూడదు. పశువైద్యుడికి చూపించాక లోతుగా పూడ్చండి.